రోగి పాఠమా, పంతులా?

వెయ్యి మందిని చంపినవాడు అరవైద్యుడని మనవాళ్ళు సామెత చెబుతారు. వైద్యుల్ని వెక్కిరించడానికే దాన్ని వాడుతూ వుంటాం. కాని నిదానించి చూస్తే అందులో వెక్కిరింత కన్నా లెక్క ఎక్కువ వుంది. వైద్యుడు వైద్యం నేర్చుకున్నది రోగుల మీద. ఆ చదువుకయిన ఖర్చు భరించింది రోగులు. ఆ వెయ్యి మంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు. సామెతకు తెలిసిన ఈ సంగతి వైద్య విద్యాలయాలకు తెలియదని కాదు. తెలుసు గనకనే ఆసుపత్రి లేని వైద్య కళాశాల ఎక్కడా వుండదు. విశాఖపట్నంలో 1923లో వెలిసిన ఆంధ్రా మెడికల్ కాలేజీకి కింగ్ జార్జి ఆసుపత్రి కావలసి వచ్చింది. మనసుకు సంబంధించిన చదువుకు చినవాల్తేరు మానసిక వైద్యశాల కావలసి వచ్చింది.

చినవాల్తేరు ఆసుపత్రి పందొమ్మిదో శతాబ్దంలో పుట్టింది. ఆనాటి పాలకుల భాషలో అది పిచ్చివాళ్ళ శరణాలయం. 1912లో ఒక చట్టం, 1987లో మరొకటి, 2017లో ఇంకొకటి వచ్చాయి. చట్టంతోపాటు పేరూ మారుతూ వచ్చింది. మా వూరి జనం నోట మాత్రం మారలేదు. హైదరాబాదు వాళ్ళకు ఎర్రగడ్డ ఎలాంటి హాస్యమో మాకు చినవాల్తేరు అలాంటి హాస్యం. ఇన్నేళ్ళూ ఆ వార్డులకు విద్యార్థులు బృందాలుగా వచ్చారు, రోగిని చుట్టుముట్టి నిలబడ్డారు, ప్రొఫెసరు అడిగిన ప్రశ్నలకు రోగి చెప్పిన జవాబులు రాసుకున్నారు, వెళ్ళిపోయారు. అంటే తరగతి గదిలో రోగి లేని రోజు ఏనాడూ లేదు. అయితే ఆ గదిలో అతని స్థానం పంతులు స్థానం కాదు, పాఠం స్థానం.

ఇప్పుడు కొన్నిచోట్ల వేరే పని మొదలయింది. మానసిక వ్యాధిని అనుభవించినవాళ్ళనే పిలిచి, కాబోయే వైద్యులకూ, మనస్తత్వ నిపుణులకూ, నర్సులకూ వాళ్ళ చేత పాఠం చెప్పిస్తున్నారు. మానసిక వైద్యంలో శిక్షణ పొందేవాళ్ళకు రోగులూ, వాళ్ళను చూసుకునే కుటుంబీకులూ కూడా బోధించి తీరాలని 2005లో ఇంగ్లండులో మానసిక వైద్యుల రాయల్ కాలేజీ నియమం పెట్టింది. మన పక్కనున్న నేపాల్‌లో, చిత్వన్ ప్రాంతంలో, వ్యాధిని దాటి వచ్చినవాళ్ళు తమ జీవితాన్ని తామే ఫోటోలు తీసి, ఆ ఫోటోలు చేతపట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణ యిచ్చారు. మన దేశంలో 2019లో మొదలయిన కొత్త వైద్యవిద్యా ప్రణాళికలో 'రోగిగా వుండటమంటే ఏమిటి' అన్నది మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక పాఠ్యాంశం. మంచిదే. ఎవరూ కాదనరు.

ఇది వైద్య పత్రికలో రావలసిన చర్చ కదా, సాహిత్య విమర్శకు కేటాయించిన ఈ పేజీల్లో ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఇలా పిలిచేవాళ్ళు రోగిని అడుగుతున్నది కథ. 'మీ కథ చెప్పండి' అనే అడుగుతున్నారు. కథను పరీక్షించడం మన పని. ఎవరి కథ, ఎవరు చెబుతున్నారు, ఎవరి కోసం చెబుతున్నారు, ఏది వదిలేసి చెబుతున్నారు అని అడగటం మనం ఏళ్ళ తరబడి చేస్తూ వచ్చిన పని. ఈ కొత్త ప్రక్రియను మాత్రం ప్రశ్నించకుండా వదిలేయటానికి నాకు కారణం కనిపించలేదు.

నన్నూ ఒకసారి పిలిచారు. నలభై ఏళ్ళ కిందట నేను ఏడు వారాలు ఒక మానసిక వైద్యశాలలో వున్నాను. ఉద్యోగం వున్నన్నాళ్ళూ ఈ సంగతి దాచాను. పత్రికలో రాయడం ఇదే మొదటిసారి. సానుభూతి కోసం రాయడం లేదు. చెప్పబోయే మాటకు ఆధారం కావాలి గనక రాస్తున్నాను. పిలిచిన సంస్థ పేరు అనవసరం, వాళ్ళు మంచి ఉద్దేశంతోనే పిలిచారు. ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. మాట్లాడాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు, ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది కూడా. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాక, కార్యక్రమం నడుపుతున్న యువ వైద్యుడు విద్యార్థుల వైపు తిరిగి "చూశారా, మాస్టారికి ఇన్‌సైట్ చాలా బాగుంది" అన్నాడు. మర్యాదస్తుడే. నన్ను 'మాస్టారూ' అని తప్ప పిలవలేదు. కాని ఆ ఒక్క మాటతో నేను వేదిక మీంచి మళ్ళీ మంచం మీదికి వచ్చాను.

ఇన్‌సైట్ అనే మాటను సాహిత్యంలో మనం అంతర్దృష్టి అంటాం. కవికి వుంటే మెచ్చుకుంటాం. మానసిక వైద్యంలో దాని అర్థం ఇరుకైనది. తనకు జబ్బు వుందని రోగి ఎంతవరకు ఒప్పుకుంటున్నాడు అన్నదే అక్కడ ఇన్‌సైట్. మన విద్యార్థులు చదివే పుస్తకాల్లో దానికి ఆరు మెట్లుంటాయి. జబ్బు లేనే లేదనేవాడు మొదటి మెట్టు. మనస్ఫూర్తిగా ఒప్పుకుని, దాన్ని బట్టి నడుచుకునేవాడు ఆరో మెట్టు. వైద్యుడితో ఏకీభవించేకొద్దీ రోగి మెట్లెక్కుతాడు. ఇందులో వైద్యానికి పనికొచ్చేది లేకపోలేదు: నిజంగా ప్రాణాపాయంలో వుండి నాకేం లేదనేవాణ్ణి నేను వార్డులో కళ్ళారా చూశాను. కాని పాఠం చెప్పడానికి మనుషుల్ని ఎంచుకునేటప్పుడు కూడా ఇదే కొలబద్ద పనిచేస్తుంటే ఏమవుతుంది? పిలుపు ఎప్పుడూ ఆరో మెట్టు వాళ్ళకే అందుతుంది. ఒప్పుకున్నవాళ్ళే పంతుళ్ళవుతారు. ఒప్పుకోనివాళ్ళు యథాప్రకారం పాఠాలుగానే మిగులుతారు.

ఆ ఇరవై నిమిషాల్లో నేను చెప్పకుండా వదిలేసింది ఒకటి వుంది. వార్డులో వుండగా నేను ఇంటికి ఉత్తరాలు రాశాను. వాటిని పోస్టు చెయ్యలేదు. నా కేసు ఫైలులో పెట్టి కుట్టారు. అవి ఉత్తరాలు కావు, లక్షణాలు. బయటికి వచ్చాక ఒక కాంపౌండరు జాలిపడి చెబితే తెలిసింది. భాషతో బతుకుతున్నవాణ్ణి, నాకు అంతకన్నా పెద్ద దెబ్బ ఆ ఏడు వారాల్లో మరొకటి లేదు. అయినా ఆ సభలో ఆ మాట ఎత్తలేదు. పిలిచినవాళ్ళను ఇబ్బంది పెట్టడమెందుకనుకున్నాను. ఎవరూ వద్దనలేదు, నేనే నా కథను సరిచేసుకున్నాను. చీకటి, పతనం, వైద్యుడి ప్రవేశం, మందు, వెలుగు: ఈ వరసలో చెప్పాను. చప్పట్లు ఆ వరసకే వచ్చాయి.

ఆ వరస ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే ఆశ్చర్యం లేదు. మన అభ్యుదయ కథల్లో ఒక దశలో ఇదే నడిచింది. దోపిడీ, వేదన, నాయకుడి ప్రవేశం, సంఘం, ఆఖరి పేరాలో తూర్పున ఎర్రటి సూర్యుడు. కథల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్న ప్రతివాడికీ ఆ సూర్యుడితో పరిచయం వుంటుంది. వస్తువు మంచిదే అయినా మూస జీవితాన్ని మింగేస్తుందని మన విమర్శకులే చెప్పారు, చెప్పి తిట్లూ తిన్నారు. కోలుకున్న కథలకూ ఆ విమర్శ వర్తిస్తుంది. సూర్యుడి స్థానంలో మాత్ర వచ్చింది, అంతే. మాత్ర పనిచేయదని నేననను; నాకు పనిచేసింది. కాని మాత్ర పనిచేసిందన్న నిజం, ఉత్తరాలు కుట్టేశారన్న నిజాన్ని చెప్పనివ్వకపోతే అది మూసే.

ఇక మన నవలల సంగతి. తెలుగులో మనస్తత్వ చిత్రణ అనగానే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', మా విశాఖ రచయిత రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' వరుసగా చెప్పుకుంటాం. మొదటి రెండూ 1940ల నాటివి, మూడోది 1950లలో వచ్చింది. గొప్ప నవలలు. మనసు లోపలికి తెలుగు వచనం దిగగలదని నిరూపించినవి. కాని ఈ వ్యాసం దృష్టితో మళ్ళీ చదివితే నాకొకటి కనిపించింది. ఈ నవలల్లో మనసు వుంది, మనసు బాగోలేని మనిషి మాట లేదు. సీతారామారావును మనం పైనుంచి చూస్తాం; శ్మశానం దాకా అతని వెంట నడుస్తూ, అతను ఎక్కడ తప్పాడో లెక్క వేస్తూ వుంటాం. 'చివరకు మిగిలేది' దయానిధి స్వయంగా వైద్యుడు. నవల నిండా వైద్యుడి మనసే. అతని దగ్గరికి వచ్చిన రోగుల మనసులు ఎలాంటివో మనకు దాదాపు తెలియదు. ఫ్రాయిడ్‌ను చదువుకున్న తరం రచయితలు వైద్యుడి కుర్చీ తెచ్చుకుని అందులో కూర్చుని రాశారు. కుర్చీ అరువుదే గాని చూపు పదునైనది.

'అల్పజీవి' సుబ్బయ్యకు లోపలి నుంచి రాసిన గొంతు వుంది. గుమాస్తా భయం, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకున్నాక ఆ భయం పెరిగే తీరు, మనిషి తన నీడకు తానే దారి తప్పుకోవడం ఇవన్నీ అతని తలలో నుంచే వస్తాయి. అయినా సుబ్బయ్య ఎవరికీ ఏమీ నేర్పడు. అతన్ని చదివి మనమే నేర్చుకోవాలి. అతను పాఠమే.

తరువాత అదే రచయిత ఏం చేశాడో చూడండి. 1960లలో వచ్చిన 'ఆరు సారా కథల'లో 'మాయ' వుంది. సారా కేసులో పట్టుబడిన ముత్యాలమ్మ, కొత్తగా నల్లకోటు వేసుకున్న కుర్ర ప్లీడరుకు న్యాయస్థానం అంటే ఏమిటో, పోలీసు అంటే ఏమిటో, డబ్బు అంటే ఏమిటో చెబుతుంది. అతని లా చదువులో లేనిది చెబుతుంది. అతన్ని మెప్పించడానికి చెప్పదు. అతను జాలిపడాలని చెప్పదు. తాను మారిన వైనం చెప్పి చప్పట్లు అడగదు. అతని డిగ్రీ మీదే అనుమానం పుట్టించి వదులుతుంది. విశ్వనాథశాస్త్రి స్వయంగా విశాఖ కోర్టుల్లో ప్లీడరు. ఆయన వచనంలోకి ఆ కళింగాంధ్ర పలుకుబడి పుస్తకాల్లోంచి రాలేదు, కక్షిదారుల నోట్లోంచి వచ్చింది. సుబ్బయ్య నుంచి ముత్యాలమ్మ వరకు ఆయన నడిచిన దూరాన్ని మనం ఇన్నాళ్ళూ వ్యక్తి నుంచి సమాజానికి ప్రయాణం అని మెచ్చుకున్నాం. అది నిజమే గాని సగం నిజం. పాత్రను పాఠంగా చూపే రచయిత, పాత్రను పంతులుగా కూర్చోబెట్టే రచయిత అయ్యాడన్నది మిగతా సగం. అనుభవించినవాళ్ళను శిక్షణలోకి పిలవాలనుకునే వైద్యులకు నేను చదవమని చెప్పే మొదటి కథ 'మాయ'. అందులో పిచ్చివాళ్ళెవరూ లేరు.

ఈ సందర్భంలో మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మనసు బాగోలేదని రాసిన రచన ఏది వచ్చినా అభ్యుదయ విమర్శకు ఒక సిద్ధమైన జవాబు వుండేది: మధ్యతరగతి నిరాశ, కుంఠితమైన వ్యక్తివాదం, పలాయనం. నవీన్ 'అంపశయ్య'కూ, మా వూళ్ళోనే వుండిన త్రిపుర కథలకూ ఆ ముద్ర వేసినవాళ్ళున్నారు. రచనను విమర్శించడం వేరు. ఆ విమర్శ ధ్వని వల్ల మన సభల్లో కూర్చున్న మనిషికి 'నాకు నిద్ర పట్టడం లేదు, భయంగా వుంది' అని పక్కవాడితో చెప్పుకోవడమే సిగ్గయింది. నేను చెప్పుకోలేదు. నిబద్ధత లోపించిందంటారేమోనన్న భయం, లోపలున్న భయానికి తోడయింది.

స్వానుభవం గురించిన వాదం మనకు కొత్త కాదు. 1980లలో స్త్రీవాదులు, ఆ వెంటనే దళితవాదులు వచ్చి, మా గురించి మీరెవరు రాయడానికని నిలదీశారు. 1993లో 'నీలిమేఘాలు', 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనాలు వచ్చేనాటికి, సహానుభూతితో రాసేవాడి ఆధిక్యం తెలుగులో పోయింది. పోవలసిందే. అయితే ఆ వాదం నుంచి ఒక్క ముక్క మాత్రమే పట్టుకుని, అనుభవం వుంటే చాలు జ్ఞానం వచ్చినట్టే అనుకుంటే పొరపాటు. గొడ్రాలికేం తెలుసు పురిటి నొప్పులని మన సామెత. అనుభవానికి పట్టం కడుతున్నట్టే వుంటుంది. కాని పిల్లలు లేని ఆడమనిషి అనుభవాన్ని అదే నోటితో తొక్కేస్తుంది. ఒకరి అనుభవం ఇంకొకరి నోరు మూయించడానికి పనికొస్తుందని ఆ సామెతే సాక్ష్యం. వార్డులో ఏడు వారాలున్న నాకు, ఏడేళ్ళున్నవాడి సంగతి తెలియదు. స్కిజోఫ్రీనియా వున్న ఆడమనిషి సంగతి అసలే తెలియదు. స్త్రీవాదుల దగ్గరా దళితవాదుల దగ్గరా మనం నేర్చుకోవలసిన రెండో ముక్క వుంది: వాళ్ళు తమ అనుభవం చెప్పి వూరుకోలేదు, మన కొలమానాల్ని తప్పన్నారు. కవిత్వమంటే ఏది, మంచి శిల్పమంటే ఏది అని నిర్ణయించే హక్కు మీద చెయ్యి వేశారు. మనకు కోపం వచ్చింది అందుకే.

వైద్య శిక్షణలో ఆ రెండో ముక్క సాధారణంగా వుండదు. ఇక్కడొక విచిత్రం చెప్పాలి. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే వైద్యుడు, ఆరోగ్యవంతుల చేత రోగి వేషం వేయించి విద్యార్థుల్ని పరీక్షించే పద్ధతి మొదలుపెట్టాడు. అది ప్రపంచమంతా పాకింది. వేషం వేసిన మనిషి, పరీక్ష అయ్యాక కాగితం తీసుకుని, విద్యార్థి నా మాట విన్నాడా, నా కళ్ళలోకి చూశాడా, నాకర్థమయ్యేట్టు చెప్పాడా అని మార్కులు వేస్తాడు. దానికి కూలీ కూడా తీసుకుంటాడు. రోగి వేషం వేసినవాడికి మార్కులు వేసే హక్కు, కూలీ. నిజంగా రోగి అయినవాడికి శాలువా, చప్పట్లు! నాటకం చూసే అలవాటున్న మనకు ఈ తేడా అర్థం కాకపోదు. వేషగాడికి ఇచ్చిన పాత్ర ముందే రాసి వుంటుంది. అతను వేసే మార్కులు సంస్థ తయారుచేసిన పట్టికలో పడతాయి. అసలు మనిషి పట్టికను కూడా ప్రశ్నించవచ్చు.

మా ఓ.పి. వరసలో నాకు ఒక స్నేహితుడున్నాడు. పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యాడు. మందుల కోసం వచ్చినప్పుడల్లా ఒకే బల్ల మీద కూర్చుంటాం. నేను సభలో మాట్లాడిన సంగతి చెబితే నవ్వి, "మేస్టారూ, ఆ డాట్రుబాబులు అడిగినవన్నీ ఆళ్ళ కాయితం మీదున్నయ్యే. నా కడుపులో ఏటున్నాదో ఆళ్ళ కాయితం మీద నేదు గందా, ఎలాగ అడుగుతారు?" అన్నాడు. నా ఇరవై నిమిషాల ఉపన్యాసం కన్నా ఇది మంచి పాఠం. అతన్ని మాత్రం ఎవరూ పిలవరు. ఇంగ్లీషు రాదు, కథను వరసలో పెట్టి చెప్పలేడు, మధ్యలో తిట్లు దొర్లుతాయి. వైద్యుడు 'గొంతులు వినిపిస్తున్నాయా' అని అడిగితే, 'అమ్మోరు పలికేది గొంతు కిందికొస్తాదా, రాదా' అని ఎదురు అడిగే మనిషి. ఆ ఎదురు ప్రశ్నకు విద్యార్థి ఏం చెబుతాడన్నదే అసలు పరీక్ష.

భాష దగ్గర ఇంకొంచెం ఆగుతాను. మనవాళ్ళు బెంగ అంటారు. మనాది అంటారు. బెంగలో ఊరి మీద ప్రేమ వుంటుంది, దూరమైన మనిషి వుంటాడు, తిండి సయించకపోవడం వుంటుంది, దిగులు వుంటుంది. పుట్టింటి మీద బెంగపెట్టుకున్న కొత్తకోడల్ని జబ్బుమనిషి అని ఎవరూ అనరు. అలాగని ఆమెకు ఏమీ లేదనీ అనరు. కేసు షీటు మీదికి ఎక్కేసరికి ఇదంతా 'లో మూడ్' అన్న రెండు ముక్కలవుతుంది. ఏం పోయిందో రాసుకున్నవాడికి తెలియదు, చెప్పినవాడికి తెలుసు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ ఉక్కు కోసం తరువాత 64 గ్రామాలు లేచిపోయాయి. భూమి పోయి, ఉద్యోగం వస్తుందని ఆర్ కార్డు చేతపట్టుకుని ముసలివాళ్ళయినవాళ్ళు గాజువాక చుట్టుపక్కల ఇప్పటికీ వున్నారు. 2021 జనవరిలో కర్మాగారాన్ని ప్రైవేటుకు అమ్మాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించాక, ఆ బెంగ పక్క వీధిలోని ఉద్యోగస్తుల ఇళ్ళకూ పాకింది. ఇలాంటి ఇంటి మనిషిని పిలిచి 'మీ జబ్బు కథ చెప్పండి' అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఉన్న భూమి దగ్గరా, రాని ఉద్యోగం దగ్గరా, పట్టని నిద్ర దగ్గరా? నిద్ర దగ్గర మొదలుపెట్టమనే శిక్షణ, అనుభవాన్ని పిలిచినట్టే పిలిచి దాని వేళ్ళు కోసేస్తుంది. వేళ్ళ గురించి మాత్రమే మాట్లాడి, పట్టని నిద్రను వదిలేసేది మన పద్ధతి. రెండింటికీ దూరంగా వుండి ఆ మనిషి తన కథ తాను మొదలుపెట్టాలి.

మా నగరంలో 2020లో జరిగిన ఒక సంఘటన ఇక్కడ గుర్తు చేసుకోక తప్పదు. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడైన డాక్టర్ సుధాకర్, కరోనా తొలిరోజుల్లో వైద్యులకు మాస్కులు లేవని బహిరంగంగా అన్నారు. సస్పెండయ్యారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టారు. అక్కడి నుంచి కింగ్ జార్జి ఆసుపత్రికి, తరువాత మానసిక వైద్యశాలకు తీసుకెళ్ళారు. హైకోర్టు ఆ వ్యవహారాన్ని సి.బి.ఐ.కి అప్పగించింది. కోర్టు కలగజేసుకున్నాకే ఆయన బయటికి వచ్చారు. 2021 మేలో చనిపోయారు. ఆయనకు జబ్బు వుందా లేదా అన్నది నేను తేల్చగలిగింది కాదు, ఈ వ్యాసానికి అవసరమూ కాదు. లోపల వుండగా తనకిస్తున్న మందుల గురించి ఆయన ఆసుపత్రి అధికారికి ఉత్తరం రాశారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చదివి నేను చాలాసేపు కదలలేకపోయాను. మందు గురించి మాట్లాడటానికి ఇన్నేళ్ళ చదువూ సర్వీసూ వున్న మనిషి ఆయన. మంచం మీదికి వచ్చాక అదే మాటను ఎలా చదవాలన్న సమస్య వచ్చింది: వైద్యుడి అభిప్రాయంగానా, రోగి ఫిర్యాదుగానా, జబ్బు లక్షణంగానా? వైద్యుడి మాటకే ఈ సందేహం పట్టినప్పుడు కలాసీ మాటకు ఏం పడుతుందో చెప్పనక్కరలేదు. చదువరి ఏం నమ్మి చదువుతున్నాడన్న దాన్ని బట్టి రచనకు అర్థం మారుతుందని మనం విద్యార్థులకు చెబుతాం. ఉత్తరం చదవటం రాని వైద్యుడికి దాన్ని ఎవరు నేర్పాలి? ఉత్తరం రాసినవాళ్ళే నేర్పాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒక దారి తెరిచింది. ఆసుపత్రిలో వుంచడం సబబా కాదా వంటి వివాదాలు వినే సమీక్షా మండళ్ళలో, న్యాయమూర్తి, వైద్యులతోపాటు, మానసిక వ్యాధి వున్నవాళ్ళకో, వాళ్ళను చూసుకునేవాళ్ళకో, వాళ్ళ సంఘాల ప్రతినిధులకో రెండు స్థానాలు పెట్టింది. జబ్బు చేసినప్పుడు తనకు ఏ వైద్యం చెయ్యాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు కూడా ఇచ్చింది. అంటే రోగి రాసిన కాగితాన్ని లక్షణంగా కాక పత్రంగా చదవమని చట్టమే చెప్పింది. ఆచరణ ఎంత అన్నది మరో చర్చ. తీర్పు చెప్పే బల్ల దగ్గర కుర్చీ వున్న మనిషికి, పరీక్ష పెట్టే బల్ల దగ్గర కుర్చీ ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

దీనికి చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. అందరి తరఫునా మాట్లాడటానికి ఆ ఒక్కడెవడంటారు. ఒక ప్రొఫెసరు అందరు వైద్యుల తరఫునా మాట్లాడతాడా అని నేనంటాను. మళ్ళీ మళ్ళీ చెప్పిస్తే పాత గాయం రేగుతుందంటారు. ఇది మాత్రం నిజమైన అభ్యంతరం. ఆ సభ అయిన రాత్రి నేను నిద్రపోలేదు. తెల్లారాక ఎలా వున్నారని అడిగినవాళ్ళు లేరు. అందుకని చెప్పించకుండా వుండాలా? ఆపేయాలనిపించినప్పుడు ఆపేసే హక్కు, తోడుగా ఒక మనిషి, పోయిన రోజు పనికి కూలీ ఏర్పాటు చేస్తే అయిపోయే పనికి, నోరు మూయించడం పరిహారం కాదు. కూలీ మాట ఎత్తగానే సేవాభావం గురించి చెబుతారు. ప్రొఫెసర్లు జీతం తీసుకునే బోధిస్తున్నారు.

1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తికి రచయితలంతా విశాఖ వచ్చినప్పుడు, మా వూరి విద్యార్థులు కరపత్రం పంచి ఆ రచయితల్ని సవాలు చేశారు. మనలో కొందరికి అది నచ్చింది, కొందరికి నచ్చలేదు. దాన్నుంచి ఏం పుట్టిందో, ఎవరెటు వెళ్ళారో సాహిత్య విద్యార్థులకు తెలుసు. నేను గుర్తుంచుకున్నది వేదిక గురించి. సన్మానానికి వేసిన వేదిక మీద సన్మానం అందుకునేవాళ్ళకూ, చప్పట్లు కొట్టేవాళ్ళకూ మాత్రమే చోటుంది. కరపత్రం ఆ రెండింట్లో ఏదీ కాదు. నాకు శాలువా కప్పిన వేదిక మీద నేను రెండో పని చెయ్యలేదు, మొదటిది మాత్రమే చేశాను.

ఈ ఏడు మళ్ళీ పిలుపు వచ్చింది. అదే యువ వైద్యుడు, అంతే మర్యాదగా రాశాడు. నేను జవాబు రాశాను. నాతోపాటు మా కలాసీ మిత్రుడు వస్తాడనీ, ఆయన మాట్లాడేది ముందుగా ఎవరూ సరిదిద్దకూడదనీ రాశాను. ఇద్దరికీ ఒక రోజు కూలీ, పోర్టు లెక్కలోనే, శాలువా లేకుండా ఇవ్వమన్నాను. ఏడాది చివర జరిగే నోటి పరీక్షలో విద్యార్థిని మేము కూడా పది నిమిషాలు ప్రశ్నిస్తామనీ, మా మార్కులు కూడా కలపాలనీ రాశాను. ఆ ప్రశ్నల్లో ఒకటి ముందే చెబుతున్నాననీ, అది రోగి ఇంటికి రాసిన ఒక ఉత్తరమనీ, దాన్ని చదివి ఏం చేస్తారో చెప్పమంటామనీ కూడా రాశాను. కార్డు పోస్టు చేసేముందు కలాసీ మిత్రుడికి చదివి వినిపించాను. అంతా విని, "ఆళ్ళు మనకి మార్కులేసినారు గదా మేస్టారూ ఇన్నాళ్ళు, ఏద్దాం" అన్నాడు. వాళ్ళ జవాబు కోసం చూస్తున్నాం.